వాల్టర్ కళ్ళ మీది పెన్నీలు

శవం మీద పేలాలు ఏరుకునే రకం అనిపించుకున్న మనిషి ఇక ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు. మా టెంటర్ వీధిలో ఆ మాటనే ఇంకోలా అంటారు. చచ్చినవాడి కళ్ళ మీది పెన్నీలు ఎత్తుకుపోయే రకం అంటారు. ఆ మాటను సెలీనా అత్త మీద వేశారు. నలభై ఏళ్ళుగా మా వీధిలో పోయిన ప్రతి మనిషికీ ఆఖరి స్నానం చేయించిన సెలీనా అత్త మీద! ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మంటలో నా మీద నాకున్న కోపం కూడా ఉంది. అది కూడా దాచకుండా చెప్తాను.

మా వైపు ఎవరైనా పోతే మొదట కబురు వెళ్ళేది డాక్టరుకీ కాదు, పాస్టరుకీ కాదు, సెలీనా ఎంట్విసిల్‌కి. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. నూలు మిల్లులో పనిచేసిన చేతులు, రొట్టెల కర్రల్లా ఉండేవి. తలుపు తట్టగానే ఏప్రాను విప్పి శుభ్రమైన ఏప్రాను కట్టుకుని, అలమర కింది సొరుగు తెరిచేది. అందులో ఒక తెల్ల దుప్పటి, ఒక జత తెల్ల మేజోళ్ళు, దవడ కట్టడానికి ఒక గుడ్డ పట్టీ, రెండు పెన్నీలు ఉండేవి.

ఆ పెన్నీలు మామూలువి కావు. విక్టోరియా రాణి పడుచుగా ఉన్నప్పటివి, వెనక కొప్పు ముడి వేసుకున్న బొమ్మవి. అరిగి అరిగి ముక్కూ కొప్పూ ఒకటైపోయాయి. బరువు మాత్రం తగ్గలేదు. ఒకదాన్ని ఒక కంటి మీద, రెండోదాన్ని రెండో కంటి మీద పెడితే తెల్లారేసరికి రెప్పలు బిగిసిపోయేవి, మనిషి నిద్రపోతున్నట్టు ఉండేవాడు. అవి సెలీనా అత్త వాళ్ళమ్మవి. ఎవరూ పొరపాటున ఖర్చు పెట్టకుండా ఆ తల్లి రెండింటి అంచునా ఆకురాయితో ఒక గంటు పెట్టింది. చీకట్లో తడిమినా తెలిసిపోయేది.

వాటికో పద్ధతి ఉంది. శవపేటిక మూత వేసే ముందు వాటిని తీసి గోడ పొయ్యి పైనున్న బల్ల మీద, సాసర్లో పెడతారు. సెలీనా అత్త వాటిని ముట్టుకోదు. సమాధి అయ్యాక ఆ ఇంటివాళ్ళు కడిగి, తుడిచి, ఒక కేకు ముక్కతో పాటు ఆమె గుమ్మానికి తెచ్చి చేతికివ్వాలి. ఇచ్చేదాకా ఆమె అడగదు. పనికి కూలి తీసుకోదు, పెన్నీలను అడగదు. అడిగి తీసుకుంటే తర్వాతి మనిషి కళ్ళు మూతపడవని వాళ్ళమ్మ నమ్మకం. నమ్మకమో పిచ్చో, డెబ్బై ఏళ్ళలో ఒక్క ఇల్లు కూడా వాటిని తిరిగివ్వకుండా ఉండలేదు. తాగుబోతు టామ్ గ్రిమ్‌షా కూడా తల్లి పోయిన మర్నాడు తూలుకుంటూ వచ్చి ఇచ్చి వెళ్ళాడు.

ఇక క్లిఫర్డ్ పిల్లింగ్ సంగతి. మా పక్కింటి వాల్టర్ ఓగ్డెన్ అల్లుడు. ఇళ్ళకు అప్పులిచ్చే సంఘంలో గుమాస్తా, మెడకి టై, కొత్త కాలనీలో ఇల్లు. పంతొమ్మిది వందల డెబ్బై ఒకటో సంవత్సరం జనవరిలో, పాత డబ్బులు పోయి కొత్త డబ్బులు వస్తున్నాయని మాకందరికీ బోధించడానికి చాపెల్ హాల్లో మీటింగు పెట్టాడు. నల్లబల్ల మీద సుద్దతో రాస్తూ చెప్పుకుపోయాడు.

"మనం పెన్నీకి 'డి' అని రాస్తాం కదండీ. ఆ 'డి' మనది కాదు. రోమను వాళ్ళ డినారియస్‌ది. వాళ్ళు మూటాముల్లే సర్దుకుని పోయి పదిహేను వందల ఏళ్ళయినా ఆ అక్షరం మాత్రం మన దగ్గరే ఉండిపోయింది. ఫిబ్రవరి పదిహేను నించి 'పి' అని రాస్తాం. మన మాటకి మన అక్షరం. సంతోషించాలి మనం."

ముందు వరసలోంచి వాల్టర్ లేచాడు. "అక్షరం సంగతి సరే అల్లుడూ. నిన్నటిదాకా షిల్లింగుకి పన్నెండు పెన్నీలొచ్చేవి. ఇప్పుడు అయిదే అంటున్నావు. ఆ ఏడూ ఎవరింటికి పోయాయి, రోమను వాళ్ళింటికా?"

హాలంతా గొల్లుమంది. క్లిఫర్డ్ ఓపిగ్గా, చిన్నపిల్లలకి చెప్పినట్టు మళ్ళీ మొదలుపెట్టాడు. అంతలో వెనక బెంచీ నుంచి సెలీనా అత్త అడిగింది.

"ఇంతకీ పెన్నీ అన్న మాట ఎక్కణ్ణించి వచ్చిందయ్యా?"

"గట్టిగా ఎవరికీ తెలీదండీ. పెండా అనే పాతకాలపు రాజు పేరంటారు కొందరు. గుండ్రంగా ఉంటుంది కాబట్టి మూకుడికి మనం వాడే 'పాన్' అన్న మాట నించి వచ్చిందంటారు ఇంకొందరు. తాకట్టు అనే అర్థమున్న పాత మాటే ఇలా మారిందని చెప్పేవాళ్ళూ ఉన్నారు."

"తాకట్టా? అదైతే నాకు తెలుస్తుంది. రాజులతో నాకేం పని." కాస్త ఆగి మళ్ళీ అడిగింది. "అన్నీ చెప్పావు కానీ బాబూ, బజార్లో ఆడవాళ్ళ దొడ్డి తలుపు కొత్త పెన్నీకి తెరుచుకుంటుందా లేదా? అది చెప్పు ముందు."

ఈసారి ఆడవాళ్ళ నవ్వు ఆగలేదు. మా వైపు ఆడవాళ్ళు ఆ పనికి వెళ్తున్నామని నోరు తెరిచి చెప్పరు. పెన్నీ ఖర్చు పెట్టి వస్తాను అంటారు. ఎందుకంటే ఆ గొళ్ళెం పెన్నీ వేస్తేనే జరుగుతుంది. మగవాళ్ళకి మాత్రం అన్నీ ఊరికే, గోడ వారన నిలబడితే చాలు. ఈ అన్యాయం గురించి ఏ అక్షరమూ మారలేదు, ఎవరూ మీటింగు పెట్టలేదు. క్లిఫర్డ్ చెవుల దాకా ఎర్రబడి, మాట మార్చడానికి జేబులోంచి కొత్త పెన్నీ తీసి చూపించాడు. అది చేతులు మారుతూ వెనక్కి వచ్చింది. సెలీనా అత్త అరచేతిలో దాన్ని ఎగరేసి చూసింది.

"చొక్కా బొత్తాంలా ఉందయ్యా. దీంతో ఎవరి కన్ను మూస్తావు?"

ఆ రోజు నుంచే ఆమె మీద అతనికి కసి పుట్టిందని నా అనుమానం. చదువుకున్నవాణ్ణి పదిమందిలో నవ్వులపాలు చేస్తే మర్చిపోడు.

మార్చిలో వాల్టర్ పోయాడు. నలభై ఏళ్ళు మిల్లు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు, చలికాలం చివర్లో ఆగిపోయాయి. సెలీనా అత్త వచ్చింది. నేనూ వాల్టర్ కూతురు డోరీనూ నీళ్ళు కాచి ఇచ్చాం. ఆమె వాల్టర్‌తో మాట్లాడుతూనే స్నానం చేయించింది. "చెయ్యి ఎత్తవోయ్ వాల్టర్, సిగ్గెందుకు, నీ పెళ్ళానికీ నేనే చేశాను," అంటూ. చివర్లో ఆ రెండు పెన్నీలూ పెట్టింది. రెండో రోజుకి వాల్టర్ ముఖంలో దగ్గు లేదు, ఆయాసం లేదు. డోరీన్ వాళ్ళ నాన్నని చూసి, ఎన్నాళ్ళకి హాయిగా పడుకున్నాడో అని ఏడ్చింది.

సమాధి దగ్గర వాన. అందరూ తడిసి వాల్టర్ ఇంటికే వచ్చారు. ముప్పై మందికి హామూ, రొట్టే, టీ. వంటగది నాకు అప్పజెప్పారు. పెద్ద కెటిల్ సగం కాగిందో లేదో గ్యాసు మంట నీలంగా వణికి కుంగిపోయింది. ముందుగదిలో గ్లాసుల చప్పుడు, ఎవరో "టీ ఏదమ్మా మేవిస్?" అని కేక. కళ్ళద్దాల నిండా ఆవిరి. గోడ పొయ్యి పైనున్న బల్ల మీద చేత్తో తడిమితే రెండు పెన్నీలు తగిలాయి. పెన్నీ మింగితేనే గ్యాసు వదిలే మీటర్లో వేశాను. ఒకటి పడింది, రెండోది ఇరుక్కుంది. పిడికిలితో ఒక గుద్దు గుద్దితే అదీ పడింది. మంట లేచింది. టీ ఇచ్చాను. ఆ సంగతి అక్కడితో మర్చిపోయాను.

సెలీనా అత్త ఆ రోజు టీ తాగి, ఎవరూ ఏమీ ఇవ్వకపోతే, మర్నాడు తెస్తారులే అనుకుని వెళ్ళిపోయింది. మర్నాడు ఎవరూ వెళ్ళలేదు. ఆ తర్వాతా వెళ్ళలేదు. డోరీన్ దుఃఖంలో ఉంది. వాళ్ళాయన క్లిఫర్డ్ ఇచ్చేశాడనుకుంది. వాళ్ళాయనకి మా వీధి పద్ధతులంటే చులకన.

ఏప్రిల్లో ఒక శుక్రవారం మా ఆయన స్టాన్లీ క్లబ్బు నుంచి వచ్చి టోపీ కూడా తీయకుండా కూర్చున్నాడు.

"ఏమిటలా ఉన్నావు?"

"క్లిఫర్డ్ ఒక మాటన్నాడు. అందరూ విన్నారు. మామగారి కళ్ళ మీది పెన్నీలు సెలీనా తీసుకుపోయిందట."

"ఎవరు తీసుకుపోయింది?"

"అరవకు. పాత పెన్నీలు మాయమైపోతున్నాయి కదా, కొప్పు రాణి బొమ్మవి కొనేవాళ్ళున్నారట. ఒక్కోదానికి బాగానే ఇస్తారట. సాసర్లో చూస్తే లేవట. 'తీయకపోతే ఈపాటికి వచ్చి అడిగి ఉండేది కదా, ఎందుకడగలేదు?' అన్నాడు."

"ఆమె అడగదని వీధిలో కుక్కకి కూడా తెలుసు!"

"క్లబ్బులో సగం మంది వీధి వాళ్ళు కాదే. పైగా చదువుకున్నవాడు చెప్పాడు కదా, నిజమే అయ్యుంటుంది అన్నారు."

చూశారా ఎంత తెలివిగా అన్నాడో! అడగకపోవడం ఆమె మర్యాద. ఆ మర్యాదనే తాడు చేసి ఆమె మెడకి చుట్టాడు. నేను ఆ క్షణమే చెప్పులేసుకుని సెలీనా అత్త ఇంటికి వెళ్ళాను. అప్పటికే ఆమెకి తెలిసింది. బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది, చెక్కుతో పాటు సగం దుంప పోతోంది.

"అత్తా, ఒక్కసారి వెళ్ళి డోరీన్‌ని అడుగు. అడిగితే ఈ గొడవ తీరిపోతుంది."

"అడగను."

"అడక్కపోతే నువ్వే తీశావంటారు."

"అననీ. మా అమ్మ ముప్పై ఏళ్ళు అడగలేదు, నేను నలభై ఏళ్ళు అడగలేదు. ఇవాళ ఆ టై కట్టుకున్నవాడి నోరు మూయించడానికి అడగాలా?" కత్తి కింద పెట్టింది. "ఏమే మేవిస్, నువ్వు కూడా అనుకుంటున్నావా?"

"నేనా? నా నాలుక కోసేసుకుంటాను!"

"అయితే పో. దుంపలు చెక్కుకోనీ."

మేలో హాస్లమ్ మామ్మ పోయింది. వీధి చివరి ఇల్లు. ఆమె ముసలాయన జో హాస్లమ్ క్లబ్బులో ఆ మాట విన్నవాళ్ళలో ఒకడు. సెలీనా అత్తకి కబురు వెళ్ళలేదు. ఆమె తలుపు దగ్గర శుభ్రమైన ఏప్రాను కట్టుకుని మధ్యాహ్నం దాకా నిలబడి ఉండడం నేను కళ్ళారా చూశాను. పిలవలేదు. హాస్లమ్ కోడళ్ళే తెలిసీ తెలియక ఏదో చేసి, కళ్ళ మీద కొత్త పెన్నీలు పెట్టారు. బొత్తాలు ఎంతసేపు ఆగుతాయి? మర్నాడు మనవలందరూ చుట్టూ చేరి ప్రార్థన చేస్తుంటే ఒకటి జారి దిండు మీద పడింది. మామ్మ ఎడమకన్ను సగం తెరుచుకుంది. పిల్లలు కెవ్వుమన్నారు. అందులో చిన్నది ఆ తర్వాత నెల రోజులు ఒంటరిగా పడుకోలేదు. జో హాస్లమ్ ఆ కంటిని తన వేలితో మూసి, సాయంత్రం దాకా వేలు తీయకుండా అలాగే కూర్చున్నాడు.

జూన్ రెండో వారంలో గ్యాసు మీటరు మనిషి రెజ్ వచ్చాడు. వాల్టర్ ఇల్లు అప్పటికీ ఖాళీగానే ఉంది, తాళం నా దగ్గర. నేనే తలుపు తీశాను. రెజ్ మీటరు పెట్టె విప్పి, పెన్నీలన్నీ బల్ల మీద కుమ్మరించి, పన్నెండేసి చొప్పున దొంతర్లు పేర్చడం మొదలుపెట్టాడు. వేళ్ళు యంత్రంలా ఆడుతున్నాయి. ఉన్నట్టుండి ఆగిపోయాయి.

"ఇదిగో, ఎవరో వీటి అంచు కోసేశారు. చూడు, రెండింటికీ."

బల్ల మీద రెండు పెన్నీలు. ముక్కూ కొప్పూ ఒకటైపోయిన రాణి.

మా వైపు, ఒక సంగతి ఆలస్యంగా తలకెక్కితే పెన్నీ పడింది అంటారు. మీటర్లోనో, దొడ్డి గొళ్ళెంలోనో వేసిన పెన్నీ ఇరుక్కుని ఇరుక్కుని చివరికి పడినట్టు. నా పెన్నీ మార్చిలోనే పడింది. నేనే వేశాను, పిడికిలితో గుద్ది మరీ వేశాను. దాని చప్పుడు నాకు జూన్‌లో వినిపించింది.

"రెజ్, ఈ రెండూ నాకివ్వు."

"ఇవి గ్యాసు కంపెనీవమ్మా."

"వాటి బదులు రెండు వేస్తాను. పాతవే వేస్తాను. ఇవ్వకపోతే ఆ పెట్టె నీ నెత్తిన కొడతాను."

"లెక్క సరిపోతే నాకేం బాధ," అని నవ్వుతూ తోశాడు. నాకు నవ్వు రాలేదు. రెండు నెలలుగా క్లిఫర్డ్‌ని తిట్టని రోజు లేదు. దొంగ నా చేతిలోనే ఉంది. ఆవిరిలో, తొందరలో, వేలికి తగిలిన గంటును కూడా పట్టించుకోని ఈ చేతిలో.

పెన్నీలు కడిగి సెలీనా అత్త గుమ్మం దగ్గరికి వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను. ఆమె అంతా వింది. చెయ్యి మాత్రం చాపలేదు.

"నాకు చెప్పి ఏం లాభం? నేను తీయలేదని నాకు తెలుసు. ఎక్కడ అన్నారో అక్కడ చెప్పు."

"క్లబ్బులోనా? ఆ గదిలోకి ఆడవాళ్ళని రానివ్వరు అత్తా."

"నా పేరు మాత్రం రానిచ్చారుగా."

అని తలుపు వేసేసింది.

శుక్రవారం సాయంత్రం క్లబ్బుకి వెళ్ళాను. వెనక గది తలుపు మీద మగవాళ్ళకు మాత్రమే అని రాసి ఉంటుంది. తోసుకుని లోపలికి వెళ్ళాను. డామినోల చప్పుడు ఆగిపోయింది. కార్యదర్శి లేచి "అమ్మా, అమ్మా, ఇక్కడికి..." అంటున్నాడు. స్టాన్లీ తల గ్లాసులో పెట్టేశాడు. నేను క్లిఫర్డ్ ఉన్న బల్ల దగ్గరికి వెళ్ళి రెండు పెన్నీలూ డామినోల మధ్య పెట్టాను.

"వాల్టర్ కళ్ళ మీదివి ఇవే. తీసింది నేను. అంత్యక్రియల రోజు మీ అందరికీ టీ కాచడానికి మీటర్లో వేశాను, చూసుకోకుండా. మీరంతా తాగిన ఆ టీ వీటితోనే కాగింది. సెలీనా అత్త వీటిని ముట్టుకోలేదు. ఇంకెవరికైనా అనుమానముంటే రెజ్‌ని అడగండి."

జో హాస్లమ్ మూలన కూర్చుని తన కుడిచేతి చూపుడు వేలు వైపు చూసుకుంటున్నాడు.

క్లిఫర్డ్ దగ్గాడు. "సరే, దొరికాయిగా, మంచిదే. నేను కావాలని అన్లేదు మేవిస్. లేవు కాబట్టి లేవన్నాను. రెండు పెన్నీల కోసం ఇంత రభస ఎందుకు? అయినా ఆగస్టు దాటితే అవి చెల్లవు కూడా. ఇప్పుడు పోయిందేముంది?"

"పోయిందేముందా? జో మామని అడుగు. పెళ్ళాం కన్ను వేలితో మూసుకుని కూర్చున్నాడు కదా, ఆయన్ని అడుగు పోయిందేమిటో! నువ్వు ఆ నల్లబల్ల దగ్గర నిలబడి మాటల పుట్టుక చెప్పావే, నీ నోట్లోంచి పుట్టిన ఈ మాట సంగతేమిటి? అది ఏ రోమను వాళ్ళది?"

అతను పెన్నీలు నా వైపు తోశాడు. నేను మళ్ళీ అతని వైపు తోశాను.

"ఇవి ఇవ్వాల్సింది నేను కాదు. పోయినవాడి ఇంటివాళ్ళు. నువ్వూ డోరీనూ."

"రేపు ఎవరిచేతైనా పంపిస్తాను."

అప్పుడు జో హాస్లమ్ లేచాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. "నువ్వే తీసుకెళ్తావు. ఇప్పుడే. మేం వస్తాం."

జూన్ నెల, ఎనిమిదైనా ఎండ పోలేదు. వీధి పొడుగునా తలుపులు తెరుచుకున్నాయి. ముందు క్లిఫర్డ్, వెనక ఇరవై మంది మగవాళ్ళు, చివర నేను. దారిలో కార్యదర్శి పరిగెత్తి బేకరీ వాళ్ళింట్లో అడిగి ఒక కేకు ముక్క తెచ్చి క్లిఫర్డ్ రెండో చేతిలో పెట్టాడు. పద్ధతి పద్ధతే కదా.

సెలీనా అత్త తలుపు తీసింది. చేతులు ఏప్రాను కింద. క్లిఫర్డ్ చెయ్యి చాపాడు. ఆమె చూస్తూ ఊరుకుంది. అతని చెయ్యి గాల్లోనే ఉంది.

"మామగారికి... చేసినందుకు కృతజ్ఞతలు," అన్నాడు చివరికి. "నేనన్న మాట తప్పు."

"గట్టిగా. జో మామకి చెవుడు."

మళ్ళీ అన్నాడు, గట్టిగా. అప్పుడు చెయ్యి బయటికి తీసి అందుకుంది. గంట్లను బొటనవేలితో తడిమి చూసుకుంది.

"తాకట్టు అని చెప్పావు కదూ ఆ రోజు? మంచి మాట చెప్పావు. విడిపించడానికి మూడు నెలలు పట్టింది నీకు." కేకు ముక్క తీసుకోలేదు. "అది నువ్వే తిను నాయనా, నోరు తీపి చేసుకో."

నాతో మాత్రం ఆమె మాట్లాడలేదు. వీధిలో ఎదురైతే తల తిప్పుకునేది. రొట్టె చేసి పంపితే పళ్ళెం ఖాళీ చేసి కడిగి గుమ్మం మీద పెట్టి పోయేది. జూలై గడిచింది, ఆగస్టు గడిచింది. న్యాయమే అనుకున్నాను. తెలియక చేసిన తప్పుకి కూడా ఎవరో ఒకరు మూడు నెలలు మోస్తారు. ఆమె మోసింది, ఇప్పుడు నా వంతు.

సెప్టెంబరు వచ్చింది. పాత పెన్నీ ఇక ఏ కొట్లోనూ చెల్లదు. ఆ నెల మొదటి ఆదివారం పొద్దున జో హాస్లమ్ పోయాడు, నిద్రలోనే. ఆయన పెద్ద కోడలు పరుగున వచ్చి సెలీనా అత్త తలుపు కొట్టడం కిటికీలోంచి చూశాను. నేను పొయ్యి దగ్గరికి తిరిగానో లేదో నా తలుపు తట్టిన చప్పుడు. తీస్తే శుభ్రమైన ఏప్రానులో సెలీనా అత్త, చేతిలో దుప్పటీ మేజోళ్ళూ ఉన్న సంచీ.

"నా మోకాళ్ళు ఇదివరకట్లా లేవు. చేతులు కడుక్కుని రా."

కడుక్కుని వచ్చాను. సంచీ నా భుజానికి తగిలించింది. తర్వాత రెండు పెన్నీలూ నా తడి అరచేతిలో పెట్టి, నా బొటనవేలు పట్టుకుని ఆ గంటు మీద అదిమింది, నొప్పి పుట్టేలా.

"ఈసారైనా గుర్తుపెట్టుకో," అంది. ఇద్దరం హాస్లమ్ వాళ్ళింటి వైపు నడిచాం.